పంతొమ్మిది మంది విన్న ఉత్తరం

మార్కాపురం,
18 ఆగస్టు 2024.

హరితకు,

అవ్వ దీవెనలు. వాటితో పాటు మందలింపులు కూడా ఉన్నాయి, కింద చదువుకో.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఫోను చేశావు, కాదనను. ఫోనులో నాకు సగం వినబడదు, వినబడిన సగం నచ్చదు. కాగితం మీదైతే మనిషి ఒకసారి ఆలోచించి రాస్తాడు. ఆలోచించకుండా రాసినా కనీసం దొరికిపోతాడు.

నిన్న శనివారం టీ వేళకు మీ గిరిధర్ చిన్నాయన షెడ్డుకు పోయాను. పంతొమ్మిది మంది ఆడవాళ్లలో ఒక్కరూ నా మొహం చూడలేదు, అందరూ నా చేతిసంచీ చూశారు. "ఈ వారం గూడా రాలేదా అమ్మా?" అంది సుబ్బులమ్మ. రాలేదన్నాను. "పోనీలే, పిల్లకు పని జాస్తేమో" అని నన్నే ఓదార్చింది. కొనకనమిట్ల దగ్గర పల్లెలో పొద్దున్నే ఎనిమిది మేకలకు ఆకు వేసి, బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా నిలబడి వైర్లు చుట్టే మనిషి చేత నేను ఓదార్పు పొందాల్సి వచ్చింది. అది నీ వల్ల.

నీకు తెలియని సంగతి కాదు, అయినా చెబుతాను. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పిందే చెప్పే హక్కు ఉంటుంది. తర్లుపాడు రోడ్డులోని ఆ షెడ్డులో మా చెల్లెలి మొగుడు, అదే గిరి నాయన, బడిపలకలు చేయించే రోజుల్లో, శనివారం టీకి పనివాళ్ల ఉత్తరాలన్నీ నేనే చదివి పెట్టేదాన్ని. మిలిటరీలో మొగుడు, హైదరాబాదులో కొడుకు, కువైట్‌లో తమ్ముడు. అందరి ఉత్తరాలూ అందరూ వినేవాళ్లు, ఒకరి కష్టానికి ఇంకొకరు ముక్కు చీదేవాళ్లు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లే. ఉత్తరం వచ్చేది నాకొక్కదానికే. అందుకని నీ ఉత్తరమే అందరిదీ అయింది.

పైగా వాళ్లకు నువ్వు ఊరికే మనవరాలివి కాదు. పలకలు కొనేవాళ్లు లేక గిరి ఆ షెడ్డు మూసేస్తానన్నప్పుడు, "మా హరిత పనిచేసే కరెంటు స్కూటర్ల కంపెనీకి వైర్ల కట్టలు కావాలంట, ప్రయత్నం చెయ్యరా" అన్నది నేను. కాగితాలు కదిపింది నువ్వు. ఆ కట్టలకు మీరేదో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు గానీ ఇక్కడ ఆడవాళ్లు 'జడ' అంటారు. మూడు రంగుల వైర్లు, చివర్న క్లిప్పులు, పైన నల్ల టేపు. జడ కాక మరేమిటి?

మన వీధిలో కరుణాకరం మాస్టారు మీ కంపెనీ బండే కొన్నారు. కిటికీలోంచి వైరు లాగి రాత్రంతా ఛార్జింగు పెడతారు. మొన్న గిద్దలూరు పోతూ దారిలో ఆగిపోతే ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చారు. "బండి మంచిదేనమ్మా, గిద్దలూరే దూరం" అన్నారు.

రాయి. నా కోసం కాకపోయినా సుబ్బులమ్మ కోసం.

మీ అవ్వ,
రామతులసమ్మ

*

హోసూరు,
5 సెప్టెంబరు 2024.

అవ్వా,

నమస్కారం. టీచర్స్ డే నాడు రాస్తున్నాను, కొంచెం మార్కులు వేసుకో.

శుభవార్త. నిన్న మీటింగులో మా పెద్దసారు వచ్చే ఏడాది బండ్లు రెట్టింపు చేస్తామని చెప్పారు. బోర్డు మీద గీత గీశారు, అది పైకి పోయి బోర్డు దాటి గోడ మీదికి ఎక్కింది. అందరం చప్పట్లు కొట్టాం. విడిభాగాలు పంపే చిన్న షెడ్లన్నింటితో మాట్లాడే పని నాది కనుక, మన షెడ్డు పేరు మొదట రాసుకున్నాను. చిన్నాయనను రెడీగా ఉండమని చెప్పు. మన షెడ్డు కట్టల మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు. ప్రతి కట్టకూ చేసినవాళ్ల నంబరు చీటీ ఉంటుంది కదా, ఆ నంబర్లు చూస్తే నాకు మొహాలు గుర్తొస్తాయి. రెండో నంబరు సుబ్బులమ్మ, పదకొండు సునీత.

ఇక్కడ చలి మొదలైంది. సాంబారులో బెల్లం వేస్తున్నారు, సహిస్తున్నాను.

నీ
హరిత

*

మార్కాపురం,
15 సెప్టెంబరు 2024.

హరితకు,

నూటికి అరవై. గోడ మీదికి ఎక్కిన గీతకు పది మార్కులు కోత. గోడలెక్కేవి బల్లులు.

ఉత్తరం నిన్న చదివాను. "సుబ్బులమ్మ మొహం గుర్తొస్తుంది" అన్నచోట ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సునీత మాత్రం, "నా మొహం ఎందుకు గుర్తుకొస్తాదమ్మా, నా చేతులు గుర్తుకురావల్ల గానీ" అంది. గర్వం అనుకోకు, నిజమే చెప్పింది. ఆ పిల్ల వేళ్లు చూస్తే నాకే కళ్లు తిరుగుతాయి. ఇతరులు మూడు జడలు కట్టేలోగా ఐదు కడుతుంది. నేను రిటైరైన ఏడాది నా దగ్గర పదో తరగతి పాసైంది, నా ఆఖరి బ్యాచ్. పై చదువు చదివించమని వాళ్ల నాయన ఇంటికి రెండుసార్లు పోయాను. రెండుసార్లూ మజ్జిగ ఇచ్చి పంపినాడు. ఇప్పుడు మొగుడు ఏ ఊళ్లో ఉన్నాడో ఆమెకే తెలియదు. ఇద్దరు ఆడపిల్లలను ఆ చేతులతోనే సాకుతోంది.

గిరి ఆ రాత్రే ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, ఆ రెట్టింపు ముక్క ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను. ఇంకోసారి అన్నాడు. వాడు చిన్నప్పుడు కూడా పాసైన కాగితం మూడుసార్లు చదివించుకునేవాడు.

బెల్లం సంగతి మీ అమ్మకు చెప్పలేదు. చెబితే పొట్లం కట్టి కారం పంపుతుంది.

అవ్వ

*

హోసూరు,
20 అక్టోబరు 2024.

అవ్వా,

ఈ ఉత్తరం షెడ్డులో చదవద్దు. చదివితే కింద గీత గీసిన భాగం వదిలేసి చదువు.

బండ్లు అమ్ముడుపోవడం లేదు. సబ్సిడీ తగ్గి రేటు పెరిగింది, జనం మళ్లీ పెట్రోలు బండ్ల వైపు చూస్తున్నారు. మా ఫ్యాక్టరీ వెనక మైదానంలో తయారైన స్కూటర్లు వరసలుగా నిలబడి ఉన్నాయి, సీట్ల మీద పిచ్చుకలు. జనవరి నుంచి చిన్న షెడ్లకు ఆర్డర్లు బాగా తగ్గిస్తారు. కొన్నింటికి పూర్తిగా ఆపేస్తారు. ఆ జాబితాలో మన షెడ్డు ఉంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పకూడదని మా అందరి చేతా సంతకాలు తీసుకున్నారు. ముందే తెలిస్తే షెడ్లవాళ్లు ఉన్న పని కూడా వదిలి వేరేవాళ్ల దగ్గరికి పోతారని భయం. చెప్పినట్టు తెలిస్తే నా ఉద్యోగం పోతుంది.

చిన్నాయనకు చెప్పొద్దు అవ్వా. నా మనసు ఊరుకోక నీకు రాస్తున్నాను. అంతే.

హరిత

*

మార్కాపురం,
3 నవంబరు 2024.

హరితకు,

నీ ఉత్తరం అందింది. అర్థమైంది. ముప్ఫై నాలుగేళ్లు పదో తరగతి ప్రశ్నపత్రాల కట్టలు నా చేతుల మీదుగా పోయాయి. ఒక్క సీలూ వేళకు ముందు విప్పలేదు. మీ నాయన పరీక్ష రాసిన ఏడాది కూడా. కనుక నీ రహస్యం గురించి దిగులు పెట్టుకోకు, నా దగ్గర భద్రం.

పోస్టుమ్యాన్ ఆ ఉత్తరం షెడ్డు ముందరే, అందరూ చూస్తుండగా నా చేతికిచ్చాడు. కాబట్టి శనివారం చదవక తప్పలేదు. వదలాల్సింది వదిలి చదివాను.

ఇక ఇక్కడి కబుర్లు. బోరుబావి మోటార్లకు స్టార్టరు పెట్టెలు చేసే పొదిలి శ్రీహరి నీకు తెలుసు కదా, నుదుట ఇంత బొట్టు పెట్టుకుంటాడు. వాడు గిరి దగ్గరికి వచ్చి, ఎండాకాలం గిరాకీకి ఇప్పటి నుంచే పెట్టెలు కట్టాలి, లోపలి వైరింగుకు షెడ్డు మొత్తం, పంతొమ్మిది మందీ కావాలి, ఏడాది పని అన్నాడు. గిరి వాడికి కాఫీ ఇచ్చి పంపేశాడు. "కంపెనీ పని చేసే చేతులన్నా, స్టార్టరు పెట్టెలకు వంగుతాయా?" అన్నాడంట. కొంచెం ఎక్కువే మాట్లాడినాడు.

సుబ్బులమ్మ మేకలు అమ్మేసింది. ఎనిమిదీ. జనవరిలో పని రెట్టింపైతే చీకటితోనే రావాల్సి ఉంటుంది, మేపేవాళ్లు లేరని.

ఆరోగ్యం జాగ్రత్త. నాకు ఈ మధ్య సరిగా నిద్ర పట్టడం లేదు, వయసు.

అవ్వ

*

హోసూరు,
8 డిసెంబరు 2024.

అవ్వా,

నెల రోజులుగా నీ ఉత్తరం నా బ్యాగులో తిరుగుతోంది. శ్రీహరిని పంపేశాడన్న చోటు చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను.

నువ్వెందుకు చెప్పలేదవ్వా?

తెలుసు, నేనే వద్దన్నాను. అయినా ఇప్పుడు నిజం రాస్తాను. నువ్వు చెబుతావనే నీకు రాశాను. నేను చెబితే నా సంతకం అబద్ధమవుతుంది. నీ నోటి నుంచి పోతే నేను చెప్పినట్టు కాదు. గీత గీసి వదిలేయమన్నాను, ఏ అవ్వైనా గీత గీసిన ముక్కే ముందు చెబుతుంది కదా అనుకున్నాను. నీ సంగతి మరిచిపోయాను. నువ్వు ఎవరి అవ్వవైనా ముందు హెడ్‌మిస్ట్రెస్‌వి.

ఇంకొకటి ఉంది. దానికంటే పెద్దది.

జనవరి నుంచి మన షెడ్డుకు ఆర్డరు లేదు. ఆ కాగితం ఈ వారం చిన్నాయనకు వస్తుంది. నవంబరులో ఆయన పంపిన నలభై పెట్టెలు కూడా మా గోడౌనులో అలాగే ఉన్నాయి. మాకు అక్కర్లేదు. కానీ ఒప్పందం ప్రకారం ఆర్డరు ఇచ్చి తెప్పించిన సరుకు, తప్పు ఉంటే తప్ప వెనక్కి పంపకూడదు. అందుకని తప్పు ఉన్నట్టు రాసి వెనక్కి పంపమన్నారు. షెడ్ల వ్యవహారం నాది కనుక నా చేతే రాయించారు. రాశాను. సంతకం చేశాను. పెట్టె విప్పి చూడలేదు.

జనవరి ఆర్డరు సంగతి అడగడానికి చిన్నాయన ఫోను చేస్తున్నాడు. ఎత్తడం లేదు. మోగినంతసేపూ ఫోను దిండు కింద పెడుతున్నాను.

నన్ను తిట్టి ఉత్తరం రాయి. బాగా తిట్టు.

హరిత

*

మార్కాపురం,
22 డిసెంబరు 2024.

హరితా,

తిట్టమన్నావు. తిట్టే అర్హత ఉంటే నువ్వు అడిగేదాకా ఆగేదాన్నా?

నేను నీకు రాసింది సగం. "వదలాల్సింది వదిలి చదివాను" అన్నాను. వదిలిన చోట ఏం పెట్టానో రాయలేదు.

ఆ శనివారం నీ ఉత్తరం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. వాతావరణం, తిండి, ఏవేవో నేనే కల్పించి రెండు ముక్కలు చదివాను. అంతలో గిరి లేచి, "జనవరి సంగతి ఏమన్నా రాసిందా పెద్దమ్మా? శ్రీహరన్న రేపు వస్తాన్నాడు, ఏదో ఒకటి చెప్పల్ల" అన్నాడు. పంతొమ్మిది మంది టీ గ్లాసులు కింద పెట్టారు. 'ఏమీ రాయలేదురా' అంటే అయిపోయేది. ఆ రెండు మాటలు నాకు తట్టలేదు. చదివేటప్పుడు మధ్యలో ఆగితే పిల్లలు పట్టేస్తారని ముప్ఫై నాలుగేళ్లు ఆగకుండా చదివినదాన్ని. కాగితం వైపు చూస్తూ, నీ గొంతుతో, "జనవరి నుంచి మీకు చేతినిండా పని, వేరే పనులేవీ ఒప్పుకోవద్దని చిన్నాయనకు చెప్పు" అని చదివేశాను. మొదటి సగంతో ఆపి ఉండవచ్చు. నా వాక్యం మొదలైతే పూర్తయ్యేదాకా ఆగదు, అదీ నా దరిద్రం. పూర్తయ్యాక వాళ్ల మొహాలు చూశాను. చూశాక వెనక్కి తీసుకోలేకపోయాను.

కనుక శ్రీహరిని పంపేసింది గిరి కాదు. మేకలు అమ్మింది సుబ్బులమ్మ కాదు.

ఆ రాత్రి, ఆ తరువాత రాత్రులు, రహస్యం కాపాడానని నాకు నేనే చెప్పుకున్నాను. రహస్యం కాపాడేవాళ్లు నోరు మూసుకుంటారు. నేను నోరు తెరిచాను.

నువ్వు నీ మాట నా నోటి మీద పెట్టావు, నేను నా మాట నీ పేరు మీద పెట్టాను. ఇద్దరం చదువుకున్నవాళ్లమే.

కంపెనీ కాగితం పదమూడున వచ్చింది. గిరి దాన్ని పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చినాడు. "పెద్దమ్మా, ఇదేందో పొరపాటు. హరిత రాసింది వేరే కదా. ఆ ఉత్తరం చూపించు, కంపెనీవాళ్లకు పంపుతా" అన్నాడు. మీ నాయన దుకాణంలో ఉన్నాడు, మీ అమ్మ వంటింట్లో. అబద్ధం చెప్పడానికి అన్నీ అనుకూలంగానే ఉన్నాయి. బీరువా తీసి అసలు ఉత్తరం వాడి చేతిలో పెట్టాను. నిలబడే చదివాడు. గీత గీసిన ముక్క రెండుసార్లు చదివాడు. మడిచి నాకే ఇచ్చి, "సరే" అన్నాడు. చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండా, "వస్తాను మేడం" అన్నాడు.

మేడం అంటే నాకు కొత్తా? ఊరంతా అంటుంది. వాడు పుట్టినప్పటి నుంచి అనలేదు.

మరునాడు శనివారం షెడ్డుకు పోయి అందరికీ చెప్పాను. కూర్చోమన్నారు, నిలబడే చెప్పాను. సుబ్బులమ్మ, "చదువుకున్నోళ్లు ఊరికే అట్ల చెయ్యరులేమ్మా, ఏదో ఉంటాది" అంది. ఆమె నన్ను ఓదార్చడం ఇది రెండోసారి. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న బస్సెక్కి పొదిలి పోయాను. శ్రీహరి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను నిలబడి, "మీరు రావాల్నా అమ్మా, కబురంపితే నేనే వచ్చేవాణ్ణి కదా" అన్నాడు. మర్యాదలో లోటు లేదు. పని మాత్రం గిద్దలూరులో వేరేవాళ్లకు ఇచ్చేశాడు. "గిరన్న చేతులు వంగవన్నాడు, నేనేం చేసేది?" అన్నాడు. చాలాసేపు కూర్చున్నాను. లేచి రావడానికి నాకు ఒళ్లు సహకరించలేదనుకున్నాడేమో, చివరికి, "ఏడుగురికి చూస్తానమ్మా, అంతకు మించి నా వల్ల కాదు" అన్నాడు. రెండు నెలల కింద పంతొమ్మిది మందినీ అడిగిన మనిషి.

గిరికి చెప్పాను. "ఏడుగురు ఎవరో మీరే రాయండి మేడం. రాయడం మీకు బాగా వచ్చు" అన్నాడు.

నీ ఫోను దిండు కింద నుంచి తియ్యి. వాడు ఇక చెయ్యడు.

రామతులసమ్మ

*

హోసూరు,
29 డిసెంబరు 2024.

అవ్వా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిన్ను ఏమీ అనలేను, నన్ను నేను అనుకోవడానికే టైం చాలడం లేదు.

ఒక్కటే అడుగుతాను. ఆ ఏడుగురిలో సుబ్బులమ్మ ఉండాలి. మొదటి పేరు ఆమెదే రాయి. మిగతా ఆరుగురు నీ ఇష్టం. ఆ మేకలు తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. ఈ ఒక్కటి మనం సరిచేయగలిగితే చాలు అనిపిస్తోంది.

మా వెనక మైదానంలో ఇప్పుడు బండ్ల మీద పట్టాలు కప్పారు. పెద్దసారు బోర్డు తుడిచేశారు.

హరిత

*

మార్కాపురం,
26 జనవరి 2025.

హరితా,

జెండా ఎగరేయడానికి బడివాళ్లు పిలిచారు. ఒంట్లో బాగా లేదని పోలేదు. నిజానికి, నిజాయితీ గురించి నాలుగు మాటలు చెప్పమంటారేమోనని.

పేర్లు రాశాను. ఆరు పేర్లకు కష్టపడలేదు. ఎవరి ఇంట్లో తినేవాళ్లు ఎందరో, తెచ్చేవాళ్లు ఎందరో నాకు తెలుసు. శ్రీహరి, చేతినేర్పు ఉన్నవాళ్లను ఇమ్మన్నాడు. అది చూసుకునే రాశాను. ఏడో పేరు దగ్గర కలం ఆగింది. సునీతా, సుబ్బులమ్మా. చేతినేర్పు చూస్తే సునీత ఏడోది కాదు, మొదటిది కావాలి. సుబ్బులమ్మకు చూపు తగ్గింది, ఎర్ర వైరుకూ నారింజ వైరుకూ తేడా పక్క మనిషిని అడుగుతుంది. రెండు రోజులు కాగితం బల్ల మీదే ఉంచి, మూడో రోజు సుబ్బులమ్మ పేరు రాశాను. సునీత చదువుకున్నది, వయసులో ఉంది, ఎక్కడైనా బతుకుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. పదో తరగతి పాసైనందుకు పిల్లకు శిక్ష వేసిన టీచరును నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నువ్వు సుబ్బులమ్మ పేరు అడిగావని కాదు. నువ్వు అడగకపోయినా అదే రాసేదాన్ని. నాకు నిద్ర కావాలి, అందుకని రాశాను. మేకలు అమ్మించింది నేను, ఆ బాకీ తీర్చుకోవాలి. తీర్చుకున్నాను, సునీత సొమ్ముతో. ఆ రాత్రి బాగానే నిద్ర పట్టింది. అదీ నీకు రాయాల్సిందే.

పోయిన మంగళవారం మీరు వెనక్కి పంపిన నలభై పెట్టెలు లారీలో వచ్చాయి. పై పెట్టెకు ఒక కాగితం అతికించి ఉంది. ఏదో ఇంగ్లీషు, కింద 'తప్పు ఉన్న కట్టల నంబర్లు' అని మూడు అంకెలు. 4, 7, 11. దాని కింద నీ సంతకం. నీ 'హ' వంపు నేను దిద్దించిందే, గుర్తుపట్టాను.

షెడ్డులో అందరూ ఆ కాగితం చూశారు. నా జాబితాకూ ఆ కాగితానికీ ఏ సంబంధమూ లేదు. జాబితా ముందు రాశాను, కాగితం తరువాత వచ్చింది. ఎవరికి చెప్పను? పదకొండో నంబరు పనిలో తప్పుందంట, అందుకే టీచరమ్మ ఆమె పేరు తీసేసిందంట. తర్లుపాడు దాకా ఇదే మాట. పక్క ఊళ్లో కుట్టుమిషన్ల సెంటరు పెట్టిన ఏంజెల్ అనే ఆమె సునీతను పనికి పెట్టుకుంటానన్నది కాస్తా, ఆలోచించి చెబుతానందంట.

నిన్న సాయంత్రం సునీత ఇంటికి వచ్చింది. ఉద్యోగం అడగడానికి వచ్చిందనుకుని, చెప్పాల్సినవన్నీ మనసులో పేర్చుకున్నాను. గడప దగ్గరే కూర్చుంది. లోపలికి రమ్మన్నా రాలేదు. ఒక జడ చేతిలో ఉంది. వెనక్కి వచ్చిన పెట్టెలోది, పదకొండో నంబరు చీటీ ఉన్నది. టేపు మొత్తం విప్పేసింది. క్లిప్పులు ఒక్కొక్కటీ లాగి చూసినట్టుంది, వేళ్ల కొనలు కమిలి ఉన్నాయి.

"పన్నెండు విప్పినానమ్మా" అంది. "పన్నెండిట్లోనూ నాకేమీ కనపడలేదు. నాకు తెలీని తప్పేమన్నా ఉంటాదా? మీరు జాబితాలో పెట్టలేదని అడగడంలా. అది మీ ఇష్టం. తప్పేందో చెప్తే చాలు. ఇంగోచోట అది చెయ్యకుండా చూసుకుంటా."

హరితా, ఆ పిల్లకు మూడేళ్లు చదువు చెప్పాను. తప్పు ఎక్కడుందో చూపించకుండా మార్కులు కోసేస్తే ఊరుకునేది కాదు. పేపరు పట్టుకుని స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడేది. నిన్న అట్లాగే కూర్చుంది.

నీ పేరు చెప్పాలని నోటి దాకా వచ్చింది. మా హరిత పెట్టె విప్పనేలేదే పిచ్చిదానా, అని. మింగేశాను. నిన్ను కాపాడటానికి కాదు. ఈ కథలో ఇంకొకరి మాట నేను చెప్పడం ఇక చాలు. "రేపు కనుక్కుని చెబుతాను" అన్నాను. "అట్లనేమ్మా" అని, విప్పిన టేపు ముక్కలు కొంగులో ఏరుకుని, గడప తుడిచి పోయింది.

ఆ అంకె ఎందుకు రాశావో నీకే తెలుసు. నాకు చెప్పొద్దు. నాకు రాస్తే నేను చదివి వినిపిస్తాను, నేను చదివితే ఏమవుతుందో చూశావు. ఆమె చదువుకున్న మనిషి. ఆమె పేరుతో, ఆమె ఇంటికి రాయి.

చిరునామా: సునీత, కేరాఫ్ వెస్లీ కిరాణా, బస్టాండు వెనక, తర్లుపాడు. ప్రకాశం జిల్లా.

రామతులసమ్మ

*

హోసూరు,
3 ఫిబ్రవరి 2025.

సునీత గారికి,

మీరు అవ్వను అడిగిన ప్రశ్నకు జవాబు నేను చెప్పాలి.

మీ కట్టల్లో తప్పు లేదు. ఆ పెట్టెలు కంపెనీకి అక్కర్లేక వెనక్కి పంపారు. వెనక్కి పంపడానికి తప్పు కావాలి, ఆ ఫారంలో నంబర్లు రాయడానికి మూడు గళ్లు ఉంటాయి. నేను కుర్చీలోంచి లేవకుండా మూడు అంకెలు నింపాను. పదకొండు రాసేటప్పుడు అది మీరని తెలుసు. మీ పనికి ఎవరూ వంక పెట్టలేరు, మీకేమీ కాదు అనుకుని రాశాను. మీరు పన్నెండు కట్టలు విప్పారని అవ్వ రాసింది. మిగతావి విప్పకండి.

రెండేళ్లలో మీ నంబరు మీద మా దగ్గర ఒక్క ఫిర్యాదు నమోదు కాలేదు. ఆ రికార్డు మొత్తం ప్రింటు తీసి ఈ ఉత్తరంతో పెట్టాను. పొదిలి శ్రీహరి గారికి, ఏంజెల్ గారికి, గిరిధర్ చిన్నాయనకు, ఇంకా ఎవరికి చూపించాలని మీకనిపిస్తే వాళ్లకు చూపించండి. చిన్నాయన దీన్ని పట్టుకుని మా కంపెనీని పెట్టెల డబ్బు అడిగితే, అడగనివ్వండి. ఇది ఎవరు రాశారని వాళ్లు వెతుక్కునే పని లేకుండా కింద నా పూర్తి పేరు, ఉద్యోగి నంబరు రాసి సంతకం చేశాను.

ఫారంలో ఇంకో రెండు నంబర్లున్నాయి, నాలుగు, ఏడు. వాళ్ల ఇళ్ల చిరునామాలు నా దగ్గర లేవు. మీకు తెలిస్తే ఒక కార్డు ముక్క రాయండి. వాళ్లకూ రాయాలి.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. ఆ మాట అడగాలంటే మీ గడప దాకా వచ్చి అడగాలి.

కర్నాటి హరిత,
ఉద్యోగి నం. 2216,
కొనుగోళ్ల విభాగం